మాజీ భార్య, కొత్త భార్య, ఒకే ఇంట్లో: అగాథా క్రిస్టీ ‘టువార్డ్స్ జీరో’

విడాకులైన ఆడవాళ్లతో రాసిన మిస్టరీలంటే నాకు ముందే అనుమానం. సగం వాటిలో ఆవిడ శవమైనా అవుతుంది, హంతకురాలైనా అవుతుంది. 1944లో వచ్చిన ‘టువార్డ్స్ జీరో’ ఆ బాపతు కాదు.

నెవిల్ పేరున్న టెన్నిస్ ఆటగాడు. ఆడ్రీతో విడిపోయి కే అనే చిన్నదాన్ని చేసుకున్నాడు. ఇప్పుడు భార్యలిద్దరూ స్నేహంగా ఉంటే బాగుంటుందని అయ్యగారికి అనిపించింది! సముద్రం ఒడ్డునున్న లేడీ ట్రెసిలియన్ ఇంటికి ముగ్గురూ ఒకేసారి చేరతారు. మంచం దిగని ఆ పెద్దావిడకి ఈ ఏర్పాటు అస్సలు నచ్చదు.

హత్య కోసం చాలా పేజీలు ఓపిక పట్టాలి. నాకైతే హత్యకు ముందు భాగమే ఎక్కువ నచ్చింది. ఒకచోట నెవిల్ ఏదో పత్రిక తెస్తాడు. ఇద్దరూ చెయ్యి చాస్తారు. కే నాకివ్వమని అరుస్తుంది, ఆడ్రీ సారీ చెప్పి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. అతను మాత్రం దాన్ని ఆడ్రీకే ఇస్తాడు. పోట్లాట లేదు, తిట్లు లేవు. అయినా ఆ పేజీ చదువుతుంటే నాకొచ్చిన టెన్షన్ తర్వాత రక్తం మరకలు చూసినా రాలేదు.

ఆడ్రీ పెద్దగా మాట్లాడదు. ఆ మౌనానికి ఇంట్లో తలా ఒక అర్థం చెప్పుకుంటారు: పొగరని, ఇంకా మర్చిపోలేదని. నా విడాకుల తర్వాత పెళ్లిళ్లలో నేను ఓ మూల కూర్చుంటే మా పిన్నులు కూడా ఇలాగే తీర్పులిచ్చేవారు. క్రిస్టీకి ఇదంతా తెలుసు. 1926లో భర్త ఇంకొకరిని ప్రేమించానని చెప్పాక ఆవిడ పదకొండు రోజులు కనిపించకుండా పోయారు, 1928లో విడాకులయ్యాయి.

కేసు తేల్చే పోలీసు అధికారి సూపరింటెండెంట్ బాటిల్‌కి క్రిస్టీ పేరున్న డిటెక్టివ్ పోయిరోలా మాటల గారడీ లేదు. మొదట్లో ఆయన కూతురి స్కూల్లో దొంగతనం గొడవొకటి వస్తుంది. కథకి సంబంధం లేదనిపించినా దాటేయకండి. డ్రై క్లీనింగ్ షాపు నుంచి పొరపాటున వచ్చిన ఓ కోటు కూడా అలాంటిదే. హంతకుడెవరో నేను పట్టుకోలేకపోయాను.

నా గొడవల్లా రొమాన్స్‌తోనే. పేరు చెప్పను కానీ, చావబోయి బతికిన ఒకాయన ఇందులో ఉన్నాడు. మనిషి నాకు బాగా నచ్చాడు. అయితే పెళ్లి మాట చివరి పేజీల్లో బస్సు కదిలిపోతున్నట్టు హడావిడిగా తేల్చేశారు. అంత జరిగిన మనిషికి ఇంకో నాలుగు సాయంత్రాలు ఇచ్చి ఉండాల్సింది.

2025లో బీబీసీ దీన్ని మూడు భాగాల సిరీస్‌గా తీసింది. అందులో అసలు బాటిలే లేడు, కాబట్టి ముందు పుస్తకం చదవండి.