ఇంక్‌స్కేప్‌లో 1985 నాటి డబ్బా మనుషులు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

రాక్ బ్యాండ్ డైర్ స్ట్రెయిట్స్ వాళ్ల 'మనీ ఫర్ నథింగ్' వీడియో చూసినవాళ్లకి ఆ సామాన్లు మోసే మనుషులు గుర్తుండే ఉంటారు. తల ఒక డబ్బా, ఒళ్లు ఇంకో డబ్బా. 1985లో స్టీవ్ బ్యారన్ దర్శకత్వంలో ఇయాన్ పియర్సన్, గావిన్ బ్లెయిర్ ఆ యానిమేషన్ చేశారు. మరుసటి ఏడాది ఎంటీవీ 'వీడియో ఆఫ్ ది ఇయర్' దానికే దక్కింది. అలాంటి ఫ్రేముల్ని వెక్టర్ బొమ్మలుగా (ఎంత పెద్దవి చేసినా చెదరని గీతల బొమ్మలుగా) మళ్లీ గీయడం నాకు ఎప్పటినుంచో ఉన్న పిచ్చి. అందుకు ఏళ్లుగా వాడుతున్నది ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్. ఉచితంగా వచ్చేదాన్ని తిట్టాలంటే మొహమాటమే గానీ, ఉన్నదున్నట్టే చెప్తాను.

ఈ పనికి అందులో అసలైన సరుకు త్రీడీ బాక్స్ టూల్. మామూలుగా లోగోలు చేసుకునేవాళ్లు దాన్ని ముట్టుకోరు. మౌస్‌తో లాగితే ముందు పలక వస్తుంది, షిఫ్ట్ పట్టుకుని లాగితే లోతు వస్తుంది. కంట్రోల్‌తో క్లిక్ చేస్తే ఒక్క పలకకే రంగు మార్చుకోవచ్చు. ముఖానికి లేత రంగు, చెంపకి ముదురు, గడ్డం కింద ఇంకాస్త ముదురు. అంతే, గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి కలిసిపోయేది) జోలికి పోకండి. అది పడిందంటే 1985 పోయినట్టే. తల, ఒళ్లు, పక్కనున్న ఫ్రిజ్ ఒకే పర్‌స్పెక్టివ్‌లో ఉంటే వానిషింగ్ పాయింట్ (లోతుకి పోయే గీతలన్నీ కలిసే చుక్క) జరపగానే అన్నీ కలిసి తిరుగుతాయి.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వాలుగా ఉండే దవడో, టోపీ అంచో కావాలంటే బాక్సుని మామూలు గీతలుగా (పాత్‌లుగా) మార్చే 'ఆబ్జెక్ట్ టు పాత్' కొట్టాలి. కొట్టాక అది బాక్స్ కాదు, ఆరు పలకల గ్రూపు. కోణం మార్చాలంటే మళ్లీ గీసుకోవడమే. అందుకే అసలు బాక్సుల కాపీ ఒకటి వేరే లేయర్‌లో దాచి ఉంచుతాను.

అంతకన్నా విసిగించేది పలకల మధ్య వెంట్రుకంత తెల్లగీత. అంచులు సరిగ్గా కలిసినా కనిపిస్తుంది, పీఎన్‌జీలోకీ వచ్చేస్తుంది. ఒక్కో ఆకారం అంచుని విడివిడిగా నునుపు చేయడంతో మధ్యలోంచి వెనక రంగు తొంగిచూస్తుంది. పలకలకి అదే రంగు స్ట్రోక్ (అంచు గీత) ఇమ్మని చాలామంది చెప్తారు. అలా చేస్తే మూలలు బయటికి పొడుచుకొస్తాయి. నేనైతే బొమ్మ మొత్తానికి వెనక ముదురు రంగు ఆకారం ఒకటి పెడతాను, అంచులకన్నా రవ్వంత లోపలికి.

ఫోటోని తనంతట తానే గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ మాత్రం ఈ పనికి దండగ. మసక ఫ్రేముని ఇస్తే కుప్పలుగా నోడ్‌లు (గీతని పట్టి ఉంచే చుక్కలు) పోస్తుంది, తిన్నని గీత ఒక్కటీ ఉండదు.

బ్యాండ్ వాయిస్తున్న షాట్లలో తలపట్టీకి, గిటార్‌కి నియాన్ రంగులు పూశారు కదా, ఆ మెరుపు కోసం గీతని డూప్లికేట్ చేసి బ్లర్ ఇస్తే చాలు. బ్లర్‌లు ఎక్కువయ్యేకొద్దీ జూమ్ చేయడమే నరకం. డిస్‌ప్లే మోడ్‌లో బ్లర్‌లు చూపించని 'నో ఫిల్టర్స్' పెట్టుకుని పని చేయండి.

తెలుగు అక్షరాలు, ఒత్తులతో సహా, యూనికోడ్‌లో చక్కగా వస్తాయి. ప్రింటుకి ఇచ్చే ముందు పాత్‌లుగా మార్చేయండి. ఫ్లెక్స్ షాపులో మొదటి ప్రశ్న "సీడీఆర్ ఉందా అన్నా?" అనే, అంటే కోరల్‌డ్రా ఫైలు. పీడీఎఫ్ ఇచ్చి ఒప్పించినా, స్క్రీన్ మీద వెలిగిన నియాన్ గులాబీ ప్రింటులో వెలిసిన చీర రంగుకి దిగిపోతుంది. ప్రింటుకి వాడే నాలుగు రంగుల సీఎంవైకే ఇంకులతో ఆ మెరుపు రాదు. ప్రింటుకి వెళ్లే బొమ్మ అయితే నేపథ్యాన్ని బాగా నల్లగా ఉంచి, గులాబీ బదులు పసుపు వాడుతున్నాను.