భారీ లారీకి డ్రమ్ బ్రేకా, డిస్క్ బ్రేకా?

డ్రమ్ బ్రేకులో చక్రంతో తిరిగే డ్రమ్‌ని లోపలి నుంచి లైనర్లు ఒత్తి ఆపుతాయి; డిస్క్ బ్రేకులో తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కుతాయి. చదును రోడ్డు మీద, మామూలు వేగంలో వెళ్తున్నంతసేపూ ఈ రెండింటికీ పెద్ద తేడా తెలియదు. రెండింటినీ నొక్కేది గాలే. గాలి పోతే స్ప్రింగ్ బ్రేక్ దానంతటదే పట్టేసే ఏర్పాటు కూడా రెండింటికీ ఉంటుంది. తేడా బయటపడేది దిగుడులో, బ్రేకులు వేడెక్కాక.

ఆ వేడి ఎంతో లెక్క వేసి చూడండి. 40 టన్నుల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే సుమారు 10 మెగాజౌళ్ల శక్తి వేడిగా మారాలి. అదే బండి 100 మీటర్ల ఎత్తు దిగితే 39 మెగాజౌళ్లు, అంటే దాదాపు నాలుగుసార్లు ఆపినంత. ఇంజనూ టైర్లూ కొంత పంచుకున్నా, మిగతాదంతా బ్రేకుల మీదే పడుతుంది.

డ్రమ్ దెబ్బతినేది ఇక్కడే. వేడికి డ్రమ్ వ్యాకోచించి లైనర్లకు దూరం జరుగుతుంది. ఆ ఖాళీ పూడాలంటే బ్రేక్ చాంబర్ (గాలి నిండి బ్రేకుని నొక్కే డబ్బా) కడ్డీ ఇంకా ముందుకు రావాలి. మామూలు టైప్ 30 సైజు చాంబర్‌లో ఆ కడ్డీకి ఉన్న కదలికే రెండున్నర అంగుళాలు. చల్లగా ఉన్నప్పుడే రెండు అంగుళాలు దాటి వస్తోందంటే అడ్జస్ట్‌మెంట్ తప్పినట్టే. అలాంటి బ్రేకుతో దిగుడులోకి వెళ్తే కడ్డీ చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. గేజీలో గాలి నిండుగా చూపిస్తుంది, పెడల్ ఎప్పటిలాగే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. డ్రైవర్‌కి ముందుగా ఏమీ తెలియనివ్వదు కాబట్టి నాకు అన్నిటికంటే భయం ఈ లోపమంటేనే.

డిస్క్ వేడెక్కితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, కాబట్టి కడ్డీ దూరం పెరగదు. బయటి గాలి తగిలి త్వరగా చల్లారుతుంది. ప్యాడ్లు మార్చడం కూడా తేలిక: చక్రం విప్పితే చాలు.

అలాగని డిస్క్‌ని పట్టించుకోకుండా వదిలేస్తే కుదరదు. కాలిపర్ (ప్యాడ్లను పట్టి నొక్కే భాగం) జారే పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లూ దుమ్మూ చేరి పిన్ను బిగుసుకుపోతుంది. అప్పుడు ఒక ప్యాడ్ రేకుదాకా అరిగిపోతుంది, రెండోది దాదాపు కొత్తగానే ఉంటుంది. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ కాలిపర్‌ని చేత్తో అటూ ఇటూ జరిపి చూడాల్సిందే. ఖరీదు కూడా డిస్క్‌దే ఎక్కువ.

డ్రమ్ పనికిరాదని నేను అనను. అమెరికాలో 2009లో తెచ్చిన నిబంధన ప్రకారం, గంటకు 60 మైళ్ల వేగంలో ఉన్న లోడు ట్రాక్టర్ ట్రక్కుల్లో (ట్రైలర్‌ని లాగే ముందు బండ్లు) చాలావరకు 355 అడుగుల బదులు 250 అడుగుల్లోనే ఆగాలి. వెడల్పాటి డ్రమ్‌లతోనే దాన్ని అందుకున్న బండ్లు చాలా ఉన్నాయి. బురదలో, క్వారీల్లో, తక్కువ వేగంతో తిరిగే బండికి డ్రమ్మే నయం.

లోడుతో హైవేలూ ఘాట్లూ తిరిగే బండికి మాత్రం నా ఓటు డిస్క్‌కే, కనీసం ముందు ఇరుసుకైనా. ముందు ట్రాక్టర్‌కి డిస్క్, వెనక ట్రైలర్‌కి డ్రమ్ ఉంటే ట్రైలర్ స్లాక్ అడ్జస్టర్లు (కడ్డీ కదలిక సరిచేసే మీటలు) తరచూ చూపించుకోండి. దిగుడులో ట్రైలర్ పట్టు సడలితే ఆ భారమంతా ముందున్న డిస్కుల మీదే పడుతుంది.