అణుబాంబు తాళం: ఒక్కరి చేతిలోనా, సభ చేతిలోనా?

మొన్న నేనూ మా బాబాయీ గుంటూరు బ్రాడీపేటలో ఒక బ్యాంకుకి వెళ్లాం. సాయంత్రం పెళ్లికి పిన్ని గొలుసు లాకర్లోంచి తీయాలి. మా తాళంచెవి ఒక్కటే తిప్పితే తెరుచుకోదు, బ్యాంకుది కూడా పడాలి. అది ఉన్న ఆఫీసరు భోజనానికి వెళ్లారట. ముప్పావుగంట కూర్చోబెట్టారు.

"మన బంగారం తీసుకోడానికి రెండు తాళాలు. అమెరికాలో అణుబాంబుకి ఒక్కడి మాట చాలట!" అన్నాడు బాబాయి.

నిజమే. అక్కడ అణ్వాయుధం వాడమని ఆదేశించే అధికారం అధ్యక్షుడొక్కడిదే. రక్షణమంత్రి కాదన్నా ఆగదు. విచిత్రమేమిటంటే, భూగర్భ కేంద్రంలో క్షిపణిని వదలాలంటే మాత్రం ఇద్దరు అధికారులు కలిసి తాళాలు తిప్పాలి. కింద రెండు తాళాలు, పైన ఒక్కటి! దీనికి వాళ్లు చెప్పే కారణం టైము. రష్యా నుంచి ఖండాంతర క్షిపణి రావడానికి సుమారు 30 నిమిషాలు. అందులో సభ పిలిచేదెప్పుడు?

కానీ ఆ తొందరంతా ఎదుటివాడు కొట్టినప్పుడే. తామే ముందు కొట్టాలనుకుంటే తొందరేముంది? 2017లో అక్కడి చట్టసభ సభ్యులు టెడ్ లియూ, ఎడ్ మార్కీ పెట్టిన బిల్లు పట్టుకున్నది ఈ తేడానే. అమెరికా కాంగ్రెస్ (అంటే వాళ్ల పార్లమెంటు) యుద్ధం ప్రకటించి, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అధ్యక్షుడు మొదటి అణుదాడి చేయకూడదన్నారు. అది చట్టం కాలేదు.

మన పద్ధతి వేరు. 2003 జనవరిలో ప్రకటించిన విధానం ప్రకారం మనం ముందుగా వాడం. బదులుగా వాడాలన్నా ప్రధాని అధ్యక్షతన ఉన్న రాజకీయ మండలి అనుమతించాలి. బాబాయి దృష్టిలో ఇదే మేలు. నాకు సగమే నచ్చింది. జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వాయుధం తీసే వీలు అందులోనే ఉంచుకున్నారు. పైగా ఇది చట్టం కాదు, ప్రభుత్వం ఇచ్చిన మాట. 2019 ఆగస్టులో రాజ్‌నాథ్ సింగ్ పోఖ్రాన్‌లో, ఇకముందు ఏమవుతుందన్నది పరిస్థితులను బట్టి ఉంటుందన్నారు. సోవియట్ యూనియన్ 1982లో ఇచ్చిన ఇలాంటి మాటనే రష్యా 1993లో వదిలేసింది.

"చైనా 1964 నుంచీ అదే మాట మీద ఉందిగా!"

"ఉంది బాబాయ్. కానీ మాట చాలదు, పార్లమెంటు ఒప్పుకుంటేనే ముందు కొట్టాలని చట్టంలో రాసుండాలి. కోల్డ్ స్టోరేజీ ఓనరు మన చుట్టమే, అయినా మిర్చి బస్తాలు దింపి బాండు తీసుకోకుండా వస్తారా మీరు?"

నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. "పాకిస్తాన్ అసలు మాటే ఇవ్వలేదు. మనం పార్లమెంటులో ఓటింగ్ పెట్టుకుంటే వాడు అలర్ట్ అయిపోడూ?"

మనం ముందు కొట్టబోమని మనమే లోకమంతటికీ చెప్పాక, ఇక దాచేదేముంది? ఆ పాకిస్తాన్‌తోనే 1988లో సంతకం చేసిన ఒప్పందం ఉంది, ఒకరి అణుకేంద్రాలపై ఇంకొకరు దాడి చేయకూడదని. 1992 నుంచి ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాత కూడా ఆపలేదు. రాసుకున్నదానికి ఆ బలం ఉంది.

కాబట్టి నా ఓటు రెండు ముక్కలు. బదులిచ్చేటప్పుడు ఇప్పుడున్న మండలి చాలు. ముందు కొట్టాలన్న ఆలోచన ఏ ప్రభుత్వానికొచ్చినా పార్లమెంటు గడప తొక్కాల్సిందే, అదీ చట్టంలో రాసి ఉండాలి.

"సభ నెలల తరబడి తేల్చకపోతే?" అన్నాడు బాబాయి.

తేల్చకపోతే మరీ మంచిది అన్నాను.

ఆఫీసరు వచ్చి లాకర్ తీసేసరికి మూడైంది. పిన్ని అప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేసింది.