ఉప్పెక్కిన నూతికి ఏది మేలు: బోరు దింపడమా, వాన నీళ్లు ఇంకించడమా?

భీమిలి రోడ్డులో, సముద్రానికి దగ్గరలో మా ఇల్లు. పెరటి నుయ్యి 30 అడుగులు. మే నెలలో టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగున్నాయో చెప్పేది) ముంచితే 1,800 చూపించింది. పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. బోర్ల మేస్త్రి వచ్చి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పెరడంతా తిరిగాడు. కాయ నిలబడిన చోట ఆగి, "ఇక్కడ 250 అడుగులు దింపితే మంచి నీళ్లు పడతాయి బాబూ" అన్నాడు. అమ్మ మాత్రం "ఎప్పుడైనా చెలమ తీశాడేటి ఆయన?" అంది.

నాకూ అమ్మ మాటే తలకెక్కింది. ఒడ్డున ఇసుకలో చిన్న చెలమ తీసి చిప్పతో మెల్లగా తోడితే తియ్యటి నీళ్లొస్తాయి. ఇంకా లోతుగా తవ్వి గబగబా తోడితే ఉప్పు ఊరుతుంది. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. అందుకే ఇది దాని మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. అదే మోటారు పెట్టి పై మట్టాన్ని పావు మీటరు దించేస్తే, కింది ఉప్పు మెల్లగా పది మీటర్లు పైకొస్తుంది.

ఈ లెక్క ఇసుకకీ, చిల్లులు చిల్లులుగా ఉండే లావా రాతికీ బాగా సరిపోతుంది. హవాయి దీవుల్లో లోతుకి పోతే ఉప్పు తగులుతుందని, నీటిమట్టం దగ్గరే అడ్డంగా సొరంగాలు తవ్వి పైపైన నీళ్లు తీసుకున్నారు. అంటే, పేద్ద చెలమ.

మనది లావా నేల కాదు. ఎర్రగా ఉన్నాయని మన కొండల్ని అగ్నిపర్వతాలనుకునేవాళ్లు ఉన్నారు గానీ, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి రెండూ ఖోండలైటే, అంటే భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిన రాయి, లావా కాదు. లావా రాయి చూడాలంటే రాజమండ్రి దగ్గర కాతేరు వెళ్లాలి. ఖోండలైటులో నీరు పైనున్న మెత్తబడ్డ పొరలోనూ, కింద పగుళ్లలోనూ ఉంటుంది. లోతు బోరుకి తగిలిన పగులు కొండ వైపుదైతే అదృష్టం. సముద్రం వైపుదైతే డబ్బులిచ్చి ఉప్పు కొనుక్కున్నట్టే. పక్కింటి మావయ్యగారి 220 అడుగుల బోరు మొదటి వేసవి బాగానే ఇచ్చింది. రెండో వేసవికి మీటరు 3,000 దాటింది, జామాకుల అంచులు మాడిపోయాయి. పైగా బోరుకి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి కూడా తీసుకోవాలి.

ఇక వాన నీళ్లు. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద అది లక్ష లీటర్లు. వృథా పోను 80 వేలు అనుకోండి. తొలి వాన బయటికి వదిలేసి, తర్వాతది కంకర, ఇసుక నింపిన గుంతలోకి మళ్లించాలి. సెప్టిక్ ట్యాంకుకి దూరంగానే సుమా. అయితే ఇంకిన నీరంతా మన నూతి దగ్గరే కూర్చోదు, కొంత సముద్రంలోకి జారిపోతుంది. వీధి వీధంతా గుంతలు తవ్వుకుంటే ఫలితం ఎక్కువ. అయినా ఇదే నుయ్యి వానాకాలం తర్వాత, నవంబరులో 600 చూపించిందంటే వాన పని చేస్తుందనే కదా.

ఉప్పుని వడగట్టే ఆర్వో ఫిల్టరు తాగడానికి సరే. కానీ అది వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. దాన్ని మొక్కలకి పోస్తున్నారు చాలామంది. మామూలు నూతి నీళ్లతోనే ప్రమాదం ఉంది: లీటరుకి రెండు గ్రాముల ఉప్పున్న నీళ్లు రోజుకి 500 లీటర్లు పోస్తే, రోజుకో కిలో ఉప్పు మట్టిలో కలిపినట్టు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. మా బెండ మడి అంచున తెల్లటి పొర అదే. కొబ్బరి తట్టుకుంటుంది, చిక్కుడు తట్టుకోదు. ఇసుక నేలైతే గట్టి వానకి ఉప్పు కిందికి దిగిపోతుంది. బంకమట్టి అయితే గట్టిపడి నీరే ఇంకదు, అక్కడ జిప్సం వేయాల్సి వస్తుంది. మడుల మీద కొబ్బరి పీచు పరిస్తే ఆవిరి తగ్గుతుంది. స్పెయిన్‌కి చెందిన లాంజరోటే దీవి రైతులు ఇదే పనికి నల్లటి అగ్నిపర్వతపు గులకరాళ్లు పరుస్తారు.

నేను గుంతకే ఓటేశాను. మోటారు కూడా చిన్నది బిగించి పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తోడుతున్నాం. తవ్వేవాళ్లు సోమవారం వస్తున్నారు. మేస్త్రి తన కొబ్బరికాయ మా అరుగు మీదే మర్చిపోయాడు. అమ్మ పచ్చడి చేసేసింది.