హాలో నైట్ స్టీల్ సోల్: కరెంటు పోయి బతికిన ప్రాణం

హాలో నైట్ ఎలా ఉంటుందో మళ్లీ చెప్పక్కర్లేదు. పురుగుల రాజ్యంలో ఒక చిన్న యోధుణ్ణి నడిపించే, 2017లో వచ్చిన వీడియో గేమ్, బొమ్మల గురించీ సంగీతం గురించీ చెప్పాల్సినవాళ్లంతా చెప్పేశారు. నా గొడవంతా స్టీల్ సోల్‌తో. ఆట ఒకసారి పూర్తి చేసినవాళ్లకే తెరుచుకునే మోడ్ అది. మామూలు ఆటలో చస్తే, చచ్చిన చోట మన నీడ మన జియో (ఆటలో డబ్బు) పట్టుకుని తిరుగుతూ ఉంటుంది, వెళ్లి కొట్టి తెచ్చుకుంటాం. ఇక్కడ చస్తే మొత్తం పోయినట్టే. ఎన్ని గంటలు ఆడినా ఆ స్లాట్‌ని (మన ఆట సేవ్ అయ్యే చోటు) ఖాళీ చేసుకుని మొదటి నుంచి మొదలుపెట్టుకోవడమే.

రెండేళ్లలో ఐదు పరుగులు ముగిశాయి, పరుగంటే మొదటి నుంచి మొదలుపెట్టి ఆడిన ఒక్కో ఆట. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. మోడ్ పేరు చెబితే "ఉక్కు అంత సులువుగా విరగదురా" అన్నారు. నాలుగుసార్లు విరిగింది.

మొదటిసారి ఆడిన వారంలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, ఆటంటే ఇలా ఉండాలని. అబద్ధం కాదు. ఫర్గాటెన్ క్రాస్‌రోడ్స్‌లో నేలమీద పాకే పురుగుని కూడా గాజువాక జంక్షన్‌లో లారీని చూసినట్టు చూశాను. శత్రువుని కొట్టే ఒక్కో దెబ్బకి 11 సోల్ అనే శక్తి వస్తుంది, ఒక మాస్కు (మన ప్రాణాన్ని లెక్కపెట్టేది మాస్కుల్లోనే) నింపుకోవడానికి 33. అంటే మూడు దెబ్బలు కొడితే ఒక హీల్. మామూలు ఆటలో ఈ లెక్క ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు బజార్లో చిల్లర లెక్కపెట్టుకున్నట్టు లెక్కపెట్టాను. నాలుగు గంటలకే ఫంగల్ వేస్ట్స్ కింద మాంటిస్ లార్డ్స్ చేతిలో పోయాను, అయినా బాధ అనిపించలేదు.

ఇప్పుడు అదే మాట అదే గొంతుతో అనలేను. ఆ భయం ఏడెనిమిది గంటలకి మించి ఉండదు. మాస్కులు పెరుగుతాయి, దారులన్నీ తెలిసినవే, ఇంక మిగిలేది పిసినారితనం. కొలోసియం అనే పోటీ బరి వైపు వెళ్లను, అక్కడ చస్తే లెక్కలోకి వస్తుంది. కలలో జరిగే పోరాటాల్లో చస్తే లెక్కలోకి రాదు కాబట్టి వాటిలో మాత్రం మహావీరుణ్ణి. డర్ట్‌మౌత్ అనే ఊళ్లో, మామూలు ఆటలో మన నీడని పిలిచి తెచ్చే జీజీ ఉండాల్సిన గుహలో ఈ మోడ్‌లో జిన్ అని ఇంకొకరు కూర్చుని ఉంటారు. మన నీడే లేనప్పుడు జీజీకి పనేముంది? జిన్ కుళ్లిన గుడ్లు తీసుకుని ఒక్కోదానికి 450 జియో ఇస్తుంది. నా పరుగులో నన్ను నవ్వించిన కొత్త విషయం అదొక్కటే.

రెండోసారి సోల్ మాస్టర్ అనే పెద్ద శత్రువు దగ్గర పోయాను. చచ్చినట్టు నటించి మళ్లీ లేస్తాడని తెలిసి కూడా కంట్రోలర్ ఒళ్లో పెట్టుకున్నాను. దాని గురించి ఇంతకంటే రాయను, సిగ్గేస్తుంది.

మూడోది పంతొమ్మిది గంటల పరుగు. మే నెల, రాత్రి తొమ్మిదైనా గాలి లేదు. మన వైజాగ్ ఉక్కపోత తెలిసిందే కదా, కంట్రోలర్ సబ్బుబిళ్లలా జారుతోంది. ఒక్కో గది దాటాక అరచేతులకి పౌడరు రాసుకుని, మోకాలి మీద వేసుకున్న తువ్వాలుకి తుడుచుకుంటున్నాను. క్వీన్స్ గార్డెన్స్‌లో ఒకటే మాస్కు మిగిలింది, సోల్ సున్నా. కూర్చుంటే ఆట సేవ్ అయి మాస్కులు నిండే బెంచీకి ఇంకో రెండు గదులు. శత్రువులు ఎవరూ లేరు, ముళ్లు మాత్రమే. ముళ్ల మీద కిందికి కొట్టి ఎగరడం వందల సార్లు చేసిన పని. బొటనవేలు జారింది. కిందికి కొట్టాల్సింది పక్కకి కొట్టాను. మామూలు ఆటలో ముళ్ల మీద పడితే ఒక మాస్కు పోయి, వెనక గట్టు మీద మళ్లీ నిలబడతాం. నాకు ఆ ఒక్క మాస్కే ఉంది.

నాన్న మంచినీళ్లకి వచ్చి, "ఏట్రా, ఎవరో పోయినట్టు కూర్చున్నావు?" అన్నారు. పంతొమ్మిది గంటలు పోయాయని ఆయనకి ఎలా చెప్పను? నాలుగోది కోపం మీద మొదలుపెట్టాను, మొదట్లోనే వచ్చే ఫాల్స్ నైట్ దగ్గరే ముగిసింది.

అసలు చెప్పాలనుకున్నది ఐదోదాని గురించి.

వాచర్ నైట్స్. ఆరుగురు, ఇద్దరిద్దరుగా మీదికి వస్తారు. పైకి వెళ్లి షాండ్లియర్ తెంపితే ఒకడు ముందే చస్తాడు, అది చేశాను. మిగిలినవాళ్లు బంతిలా చుట్టుకుని దొర్లుకుంటూ వస్తారు, హీల్ అవ్వడానికి ఊపిరి ఇవ్వరు. ముగ్గుర్ని పడగొట్టాను. నాలుగోవాడు, ఐదోవాడు కలిసి ఉన్నారు, నాకు ఒక మాస్కు. మా మేనల్లుడు, ఎనిమిదో తరగతి, పక్కనే మంచం మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎగిరాను. గాల్లో ఉండగానే అర్థమైంది, నేను దిగే చోటికే వాడు దొర్లుతున్నాడు. గాల్లో పక్కకి దూసుకుపోయే డాష్ అప్పటికే వాడేశాను. తప్పదు.

కరెంటు పోయింది.

స్క్రీన్ నల్లగా అయిపోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ మీద ఫ్యాన్లూ లైట్లే, కంప్యూటర్ లేదు. ఫ్యాన్ తలమీద అలాగే తిరుగుతోంది, దాని చప్పుడొక్కటే వినిపిస్తోంది. మేనల్లుడు నెమ్మదిగా అన్నాడు, "మావయ్యా, నువ్వు చచ్చిపోయినట్టా, లేనట్టా?"

నలభై నిమిషాలు కూర్చున్నాం. నా భయం వేరు: రాస్తూ రాస్తూ ఆగిపోయి సేవ్ ఫైలే చెడిపోతే? అలా పోయిన ఫైళ్ల కథలు చాలా విన్నాను. కరెంటు వచ్చింది, ఆట తెరిచాను, స్లాట్ బతికే ఉంది. చివరిసారి కూర్చున్న బెంచీ మీద, నిండు మాస్కులతో, ఏమీ జరగనట్టు లేచి నిలబడ్డాడు నా వాడు. సిటీ ఆఫ్ టియర్స్‌లో వాన అలాగే కురుస్తోంది. పైనున్న బ్లూ లేక్ నుంచి కారే నీళ్లే ఆ వాన, దానికి ఆగడం తెలియదు.

ఇక్కడే నాకు పేచీ. దెబ్బ తగలబోయే ముందు మెనూలోకి వెళ్లి ఆట మూసేస్తే ఇలాగే బెంచీ దగ్గర లేవొచ్చని ఈ మోడ్ ఆడేవాళ్లందరికీ తెలుసు. నేనది చేయనని మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు నా బదులు కరెంటు చేసింది. నా మేనల్లుడికి ఏ అనుమానమూ లేదు: "ట్రయల్ బాల్ మావయ్యా, లెక్కలోకి రాదు." వీధి క్రికెట్‌లో వాడు ఔటైనప్పుడు కూడా ఇదే అంటాడు, కాబట్టి వాడి తీర్పు మీద నాకంత నమ్మకం లేదు.

పరుగు ఆపలేదు. మర్నాడు ఆ ఐదుగురినీ రెండు మాస్కులు మిగిలి ఉండగానే కొట్టాను, చివరి పోరాటానికి దారి తెరుచుకోవాలంటే ఓడించాల్సిన మిగతా డ్రీమర్లనూ ముగించి, ఇరవయ్యొకటో గంటలో ఆట పూర్తి చేశాను. అచీవ్‌మెంట్ వచ్చింది. ఎవరికీ స్క్రీన్‌షాట్ పంపలేదు. మొదటిసారి నాలుగు గంటలకే చచ్చినప్పుడు పదిమందికి చెప్పినవాణ్ణి.

మోడ్ ఎలా ఉందంటే ఏం చెప్పను? నాకు ఆదివారాలు ఖాళీ, పెళ్లి కాలేదు, ఇంట్లో ఆట చూసి మురిసే పిల్లాడు ఉన్నాడు. ఇవన్నీ ఉంటే మొదటి ఎనిమిది గంటల కోసమైనా ఆడొచ్చు. రోజుకి అరగంట దొరికేవాళ్లకి వద్దనే చెబుతాను, నెల రోజుల కష్టం బొటనవేలు జారితే పోతుంది. వేసవిలో ఏసీ లేని గదిలో అసలే వద్దు. 2025 సెప్టెంబరులో వచ్చిన సిల్క్‌సాంగ్‌లోనూ ఈ మోడ్ ఉంది. అందులో చాలామంది శత్రువులు ఒక్క దెబ్బకి రెండు మాస్కులు తీస్తారు. దాన్ని ఇంకా ముట్టుకోలేదు.

ఆ తర్వాతి వారం ద్వారకానగర్ వెళ్లి యూపీఎస్ కొన్నాను. పావుగంట ఆగుతుందని చెప్పి అమ్మాడు. ఆరో పరుగు దానితోనే మొదలైంది, ఈసారి ఏ అనుమానమూ లేకుండా పూర్తి చేయాలని. ఇప్పుడు గ్రీన్‌పాత్‌లో ఉన్నాను. మేనల్లుడు వచ్చి కంప్యూటర్ వెనక ఆ పెట్టెని చూసి తల పట్టుకున్నాడు.

"ఇదెందుకు కొన్నావు మావయ్యా? ఇంక కరెంటు పోయినా బతకవు కదా!"