పరుగు ఆపేసిన చలికాలం: గోల్డ్ క్రీక్, ప్యారడైజ్

డిసెంబరు వచ్చిందంటే సియాటిల్ వైపు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. పైన ముసురు. ఆఫీసయ్యాక తడి రోడ్డు మీద, ఎదురొచ్చే కార్ల లైట్లలో పరుగెత్తాలంటే నాకు టెన్షన్. అంతకు ముందు ఏడాది ట్రెడ్‌మిల్ మీద నెట్టుకొచ్చాను. ముందు విసుగు పుట్టింది, తర్వాత మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంది. మా రన్నింగ్ గ్రూపులో ఒక అక్క ఉంది, గుంటూరు మనిషి, యాభై దాటాయి. "ఎక్కడికీ పోకుండా దాని మీద ఎంతసేపు ఉరుకుతావే, శనివారం నాతో రా" అంది.

స్నోషూస్, అంటే మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, వేసుకుని మంచులో నడవడానికి. మొదటిసారి తీసుకెళ్లింది స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దగ్గరి గోల్డ్ క్రీక్ పాండ్‌కి. సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుగా గంట ప్రయాణం. కనుమ ఎత్తు 3,015 అడుగులే అయినా మంచుకు కొదవ లేదు. ఆ చెరువు అసలు ఈ హైవే వేసేటప్పుడు కంకర తవ్విన గొయ్యి, ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. ఇక్కడ కారు ఆపాలంటే స్నో-పార్క్ పర్మిట్, అంటే చలికాలపు పార్కింగ్‌కి రాష్ట్రం ఇచ్చే అనుమతి, ఉండాలి. నేషనల్ పార్క్ పాస్ ఉంది కదా అని ధీమాగా వెళ్తే ఫైన్ పడుతుంది. శని, ఆదివారాల్లో తొమ్మిది దాటితే చోటు దొరకడం కష్టం.

స్నోషూస్ అద్దెకు తెచ్చుకున్నాను. ఆ షాపు పేరు చెప్పను గానీ, ఒక పట్టీ సగం తెగి ఉంది, ఇంటికొచ్చాక కాదు, మంచులో నిలబడ్డాక చూసుకున్నాను. అక్క సంచిలోంచి ప్లాస్టిక్ జిప్ టై తీసి బిగించింది. అద్దెకు తీసుకుంటే షాపులోనే తొడిగి చూడండి. సైజు పాదాన్ని బట్టి కాదు, మన బరువుకి వీపు మీది సంచి బరువు కలిపి చూస్తారు. పరుగు కోసమే చేసిన సన్నటి, తేలిక రకం కూడా ఉన్నాయి. అవి అణిగి గట్టిపడిన దారికే పనికొస్తాయి, కొత్త మంచులో కూరుకుపోతాయి.

ఇక నడక. దమ్ము చేసిన మడిలో నడిచారా ఎప్పుడైనా? దాదాపు అదే. కాళ్లు కాస్త ఎడంగా పెట్టాలి, మోకాలు పైకి లేపాలి. నా వాచీలో కిలోమీటరుకి పదిహేడు నిమిషాలు పట్టినట్టు చూపించింది. సిగ్గేసింది. కింద గుండె వేగం చూస్తే 150, అంటే రోడ్డు మీద ఆరున్నర నిమిషాల పరుగులో నాకు ఉండేంత! ఆ రోజు నుంచి దూరం చూడటం మానేసి గంటలు లెక్కపెట్టుకుంటున్నాను. అక్క ఇంకో పద్ధతి పెట్టింది. ఎవరూ తొక్కని మంచులో ఒకరు రెండు నిమిషాలు ముందుండి దారి చెయ్యాలి, తర్వాత వెనక్కి రావాలి. వెనకున్న రెండు నిమిషాలే విశ్రాంతి. ట్రాక్ మీద ఇంటర్వెల్స్ (కాసేపు జోరుగా, కాసేపు మెల్లగా పరుగు) చేసినవాళ్లకి ఇది కొత్తేం కాదు, కాకపోతే ఇక్కడ పడినా దెబ్బ తగలదు. మర్నాడు ఎముక నొప్పి లేదు. తొడల మొదట్లో, పిరుదుల్లో మాత్రం మెట్లు దిగలేనంత పట్టేసింది. ఇన్నేళ్లు పరుగెత్తి ఆ కండరాలకి పనే చెప్పలేదన్నమాట.

చెరువు దాటి లోయలోకి పోదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. పక్క కొండల మీది నుంచి మంచు జారిపడే దారులు అక్కడున్నాయి. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజూ ఇచ్చే హెచ్చరిక చూడకుండా తను ఇల్లు కదలదు.

ఫిబ్రవరిలో మౌంట్ రైనియర్ నేషనల్ పార్క్. అందులో కొండ మీది ప్యారడైజ్ సుమారు 5,400 అడుగుల ఎత్తున ఉంటుంది. 1971-72 చలికాలంలో ఇక్కడ 1,122 అంగుళాల మంచు పడింది, అంటే ఇరవై ఎనిమిది మీటర్ల పైమాటే. నవంబరు 1 నుంచి మే 1 దాకా ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే, కారులో టైరు చైన్లు ఉండాల్సిందే. ప్యారడైజ్‌కి ఎక్కే దారిలో కిందున్న లాంగ్‌మైర్ దగ్గర గేటు రాత్రి మూసేస్తారు, పొద్దున మంచు తోసి దారి చేశాకే తీస్తారు. వారంలో అన్ని రోజులూ తీస్తారనుకోవద్దు, బయల్దేరే ముందు పార్క్ వెబ్‌సైట్ చూసుకోండి.

మొదటిసారి పార్క్ బయట, ఆష్‌ఫర్డ్‌లో ఒక క్యాబిన్ తీసుకున్నాం. ఫొటోలో వంటగది ఉంది, వెళ్తే మైక్రోవేవ్ ఒక్కటే. హీటర్ రాత్రి రెండింటికి ఆగిపోయింది, యజమాని జవాబిచ్చింది మర్నాడు మధ్యాహ్నం. తెల్లారి గేటు దగ్గర క్యూలో గంటంపావు. రెండోసారి లాంగ్‌మైర్‌లోనే, పార్క్ లోపల ఏడాది పొడుగునా తెరిచి ఉండే నేషనల్ పార్క్ ఇన్ అనే హోటల్లో దిగాం. ఇరవై ఐదు గదులు, టీవీలు లేవు. రేటు క్యాబిన్ కంటే ఎక్కువే, అయినా గేటు పక్కనే నిద్ర లేచి కాఫీ తాగి బయల్దేరడానికి ఆ డబ్బు పెట్టొచ్చు. పక్కనున్న జనరల్ స్టోర్‌లో స్నోషూస్ అద్దెకిస్తారు. పైన ప్యారడైజ్ ఇన్ చలికాలం మూసి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. శాకాహారులు పులిహోరో, చపాతీలో కట్టుకెళ్లడం మంచిది.

మా ఆయన పరుగు మనిషి కాదు. ఆయన్ని వారాంతంలో రేంజర్లు తీసుకెళ్లే స్నోషూ నడకకి పంపాం. మెల్లగా, చెట్లూ జంతువుల కబుర్లతో సాగుతుంది, కసరత్తు కావాలంటే చాలదు. అక్కా నేనూ ఆల్టా విస్టా మీదుగా గ్లేసియర్ విస్టా వైపు ఎక్కాం. నిటారు చోట మడమ కింద చిన్న కమ్మీ లేపితే పిక్కలకి భారం తగ్గుతుంది. నేను చేసిన తప్పు, లోపల కాటన్ టీషర్టు వేసుకోవడం. ఎక్కేటప్పుడు చెమటతో తడిసింది, ఆగగానే గాలికి ఐసుముక్క ఒంటికి చుట్టినట్టయింది. పనోరమా పాయింట్ వాలు కింద మబ్బు కమ్మింది, ముందు అక్క కూడా మసగ్గా కనిపిస్తోంది. "పైకి పోదామా?" అన్నాను. "పైన ఏముందే, ఇదే మబ్బు" అని వెనక్కి తిరిగింది.

దిగేసరికి రెండు గంటల నలభై నిమిషాలు, ఆరు కిలోమీటర్లు కూడా కాలేదు. కారులో పులిహోర రాయిలా ఉంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టి, హీటర్ వేసి, లాంగ్‌మైర్ వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాం.