జెల్ టోపీ: మర్నాటికి పనికొచ్చింది

మైగ్రేన్‌కని ఆన్‌లైన్‌లో 649 రూపాయలు పెట్టి తెప్పించుకున్న జెల్ టోపీ ఇది, ఫ్రిజ్‌లో చల్లబరిచి తలకి తొడుక్కునేది. డబ్బా మీద బొమ్మలో ఆవిడ ఇది తొడుక్కుని హాయిగా నవ్వుతోంది. నాకైతే పోటు మీదున్నప్పుడు దువ్వెన తగిలినా ఓర్వలేను, ఇక ఇంత బరువా! పైగా కొత్త రబ్బరు కంపు. పోపు వాసనకే కడుపులో తిప్పే సమయం అది. రెండు నిమిషాల్లో తీసి అవతల పడేశాను.

దీనితో పనిపడింది మర్నాడు.

పోటు పోయాక ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఉంటుంది చూడండి, దాన్ని మా డాక్టరుగారు పోస్ట్‌డ్రోమ్ అన్నారు. ఇంట్లోవాళ్లకి అది కనపడదు. "తగ్గిందన్నావుగా" అంటారు మావారు. తగ్గింది. కానీ ముగ్గుకి వంగితే నిన్నటి చోటే చురుక్కుమంటుంది. మెడ పట్టేసి ఉంటుంది. ఒకటే ఆవలింతలు. పోయిన నెల కూరగాయల బండి దగ్గర కొత్తిమీర అన్న మాట నోటికి రాక వేలు పెట్టి చూపించాను. లెక్కల టీచర్ని, బోర్డు మీద 7 × 8 = 54 అని రాస్తే ఆరో క్లాసు పిల్లలు దిద్దారు.

ఆ మర్నాడు సాయంత్రం టోపీ పెట్టుకుని చీకటి గదిలో నడుం వాల్చాను. మెడ వెనక దాకా దిగుతుంది, అదీ దీని గొప్ప. ఇరవై నిమిషాలు చల్లదనం, ఆ తర్వాత తడిగుడ్డ పాటి. మెడ సడలింది, పెరుగన్నం తినబుద్ధయింది. పైకి జరుపుకుని పది పేపర్లు దిద్దాను కూడా (మళ్లీ సరిచూశాన్లెండి).

ఇంకో మేలు. మైగ్రేన్ పోటుకి వేసుకునే సుమట్రిప్టాన్ లాంటి మాత్రలు నెలలో పది రోజులు, ఆపైన వేసుకుంటూ పోతే వాటివల్లే తలనొప్పి మొదలవ్వచ్చని డాక్టరుగారి హెచ్చరిక. ఇదివరకు మర్నాటి బరువుకీ చెయ్యి మాత్రల మీదికే పోయేది. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీదికి పోతోంది.

ఫ్రీజర్లో మాత్రం పెట్టకండి, నేను పెడితే రాయయింది. కింద అరలో రెండు గంటలు చాలు. జిప్ కవర్లో వెయ్యకపోతే ఇంగువ వాసన పట్టేస్తుంది. కొప్పు మీద పట్టదు, జుట్టు విప్పుకోవాల్సిందే. రబ్బరు కంపు పోవడానికి వారం నీడన ఆరేశాను. చెవి దగ్గర కుట్టు అప్పుడే ఊడొస్తోంది. అమ్మినవాళ్లకి ఫొటో పంపి పన్నెండు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు.

మూడు స్టార్లు. కుట్టు గట్టిగా ఉంటే నాలుగిచ్చేదాన్ని.